పోర్ట్రెయిట్లకూ మాక్రోకూ ఒకే లెన్సు: తరచుగా అడిగే ప్రశ్నలు

పొద్దున ఆకు అంచున కూర్చున్న సాలీడును తీయాలి, మధ్యాహ్నం కిటికీ పక్కన కూర్చున్న అమ్మమ్మ ముఖం తీయాలి, మధ్యలో లెన్సు మార్చే పని ఉండకూడదు. ఇలా కోరుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలివి. చాలా ఏళ్లుగా ఈ రెండు పనులూ నేను ఒకే మాక్రో లెన్సుతో, అంటే చిన్న వస్తువులను అతి దగ్గర నుంచి పెద్దగా తీసే లెన్సుతో చేస్తున్నాను. అందువల్ల ఈ జవాబుల్లో లెక్కలతో పాటు నా ఇష్టాయిష్టాలు కూడా ఉంటాయి. వేరుగా చెప్పని చోటల్లా అంకెలు ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్‌కు, అంటే 36×24 మిల్లీమీటర్ల సెన్సర్‌కు సంబంధించినవి.

ఒకే లెన్సు రెండు పనులూ నిజంగా చేయగలదా? రెండింటిలోనూ సర్దుకుపోవలసి వస్తుందా?

చేయగలదు. 90 నుంచి 105 మి.మీ. మధ్య ఫోకల్ లెంగ్త్ (ఇది పెరిగేకొద్దీ దూరపువి దగ్గరగా కనిపిస్తాయి), ఎఫ్/2.8 ఎపర్చర్ (కాంతి లోపలికి వచ్చే రంధ్రం; ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది), 1:1 వరకు, అంటే సెన్సర్ మీద బింబం వస్తువంతే ఉండేంత దగ్గరగా ఫోకస్ చేసే శక్తి ఉన్న మాక్రో లెన్సు ఈ రెండు పనులకూ చక్కగా అమరుతుంది. ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. టామ్రాన్ 1979లో తెచ్చిన 90 మి.మీ. ఎఫ్/2.5 మాక్రో లెన్సును ముఖాలు తీసేవారు కూడా ఎంతో ఇష్టపడ్డారు. ‘పోర్ట్రెయిట్ మాక్రో’ అనే పేరు దానికి అలా స్థిరపడిపోయింది. అది 1:2 వరకే వెళ్లేది. ఇప్పుడు ఇదే తరగతిలో వస్తున్న లెన్సులు దాదాపు అన్నీ 1:1 వరకు వెళ్తాయి.

సర్దుకుపోవలసింది ప్రధానంగా వెలుతురు దగ్గర. ఎఫ్/1.8 లెన్సుతో పోలిస్తే ఎఫ్/2.8 లెన్సులోంచి సెన్సర్‌కు చేరే కాంతి సగం కంటే తక్కువ. చీకటి గదుల్లో, రాత్రి వేడుకల్లో ముఖాలు తీయడమే మీ ప్రధానమైన పని అయితే ఆ తేడా రోజూ ఇబ్బంది పెడుతుంది. పగటి వెలుతురులో, కిటికీ పక్కన, ఫ్లాష్ కింద తీసేవారికి అది గుర్తుకు కూడా రాదు.

ఫోకల్ లెంగ్త్ ఎంత ఉండాలి? 50, 60, 100, 180 అంటూ చాలా ఉన్నాయి.

మిల్లీమీటర్ల సంగతి కాసేపు పక్కన పెట్టి, ఎదుట ఉన్న మనిషికో పురుగుకో మీరు ఎంత దూరంలో ఉండవలసి వస్తుందో ఆలోచించండి. లెన్సు ఎంపికలో నేను అన్నిటికంటే ముందు చూసేది ఈ దూరమే. మిగతా గుణాలు దాని తరువాత వస్తాయి.

ముందు ముఖం సంగతి. కెమెరాను నిలువుగా పట్టుకుని తల, భుజాలు పట్టేలా సుమారు 60 సెం.మీ. ఎత్తు ఫ్రేములోకి తెచ్చుకోవాలనుకుందాం. 50 మి.మీ. లెన్సు అయితే దాదాపు 90 సెం.మీ. దూరంలో నిలబడాలి. 85 అయితే మీటరున్నర, 100 అయితే మీటరూ ముప్పావు, 180 అయితే మూడు మీటర్ల పైమాటే. ముక్కు కొసకూ చెవికీ మధ్య 12 సెం.మీ. ఉందనుకుంటే, 90 సెం.మీ. దూరం నుంచి చూసినప్పుడు ముక్కు చెవికంటే దాదాపు 13 శాతం పెద్దదై కనిపిస్తుంది. మీటరూ ముప్పావు నుంచి చూస్తే ఆ తేడా 7 శాతానికి తగ్గుతుంది. ‘లెన్సు ముఖాన్ని పాడుచేసింది’ అని చాలామంది అంటారు కానీ, ముఖం ఆకృతి మార్చేది లెన్సు కాదు, మనం నిలబడిన చోటు.

ఇక మాటామంతీ. మీటరూ ముప్పావు దూరంలో మామూలు గొంతుతో మాట్లాడుకోవచ్చు, ఎదుటివారి మీద పడిపోయినట్టు ఉండదు. మూడు మీటర్లు దాటితే గొంతు పెంచాలి. పరిచయం లేని మనిషి ముఖంలో బిగువు సడలాలంటే ఈ చిన్న విషయం ఎంత ముఖ్యమో తీసేవారందరికీ తెలుసు.

ఇప్పుడు పురుగుల వైపు నుంచి చూద్దాం. 1:1 దగ్గర 50 మి.మీ. మాక్రో లెన్సు ముందు అద్దానికీ వస్తువుకూ మధ్య మిగిలే ఖాళీ చాలా తక్కువ, 10 సెం.మీ. కూడా ఉండదు. లెన్సు నీడ పువ్వు మీద పడుతుంది, సీతాకోకచిలుక అంత దగ్గరకు రానివ్వదు. 100 మి.మీ. తరగతిలో ఈ ఖాళీ చాలా లెన్సులకు 13 సెం.మీ. అటూ ఇటూ ఉంటుంది. 180లో 20 సెం.మీ. దాటుతుంది కానీ, ఆ లెన్సు బరువు చేతిలో పెట్టుకుని పొదల మధ్య వంగి గంటసేపు గడపడం కష్టం, పైగా ముఖాలకు అది మరీ దూరం. అందుకే నా జవాబు 90 నుంచి 105 వరకే.

ఒక హెచ్చరిక. లెన్సు వివరాల్లో ‘కనీస ఫోకస్ దూరం 30 సెం.మీ.’ అని కనిపిస్తే, ఆ దూరాన్ని సెన్సర్ నుంచి కొలిచారు, లెన్సు అంచు నుంచి కాదు. అందులోంచి లెన్సు పొడవు, కెమెరా లోతు తీసేస్తే మిగిలేదే మీ చేతికి దక్కే ఖాళీ. లెన్సు ముందు నీడ కోసం పెట్టే హుడ్ తగిలిస్తే అది ఇంకా తగ్గుతుంది, కాబట్టి దగ్గర పనికి నేను హుడ్ తీసేస్తాను.

నా కెమెరా సెన్సర్ చిన్నది. అప్పుడేం చేయాలి?

ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్నదైన ఏపీఎస్-సీ సెన్సర్ ఉంటే ముఖాలకు 60 మి.మీ. దగ్గర వెతకండి. అది ఫుల్‌ఫ్రేమ్‌లో 90 లేదా 96 మి.మీ. చూపే దృశ్యాన్నే చూపుతుంది. ఇంకా చిన్నదైన మైక్రో ఫోర్ థర్డ్స్ అయితే 45 మి.మీ. ఆ పాత్ర పోషిస్తుంది. పురుగులే మీకు ఎక్కువ ఇష్టమైతే కాస్త పొడవైనదే మంచిది: ఒలింపస్ 60 మి.మీ. ఎఫ్/2.8, ఫూజీఫిల్మ్ ఎక్స్‌ఎఫ్ 80 మి.మీ. ఎఫ్/2.8, రెండూ తమ తమ సెన్సర్ల మీద ఫుల్‌ఫ్రేమ్ 120 మి.మీ.తో సమానమైన దృశ్యం ఇస్తాయి. ముఖాలకూ ఇవి బాగుంటాయి, గది మాత్రం కాస్త పెద్దది కావాలి.

చిన్న సెన్సర్ వల్ల మాక్రోకు మేలు కూడా ఉంది. అదే 1:1 దగ్గర ఫుల్‌ఫ్రేమ్‌లో 36 మి.మీ. వెడల్పు పడితే, ఏపీఎస్-సీలో సుమారు 23.5 మి.మీ., మైక్రో ఫోర్ థర్డ్స్‌లో 17.3 మి.మీ. మాత్రమే పడుతుంది. చీమ ఫ్రేమును అంత ఎక్కువగా నింపుతుందన్నమాట.

1:1 అంటే ఏమిటి?

వస్తువు ఎంత ఉందో సెన్సర్ మీద దాని బింబం అంతే ఉండటం. 10 మి.మీ. పురుగు సెన్సర్ మీద 10 మి.మీ. ఆక్రమిస్తుంది. 1:2 అయితే 5 మి.మీ.

నికాన్ లెన్సుల మీద ‘మాక్రో’ బదులు ‘మైక్రో’ అని ఉండటం చూసి కొందరు అవి వేరే రకమేమో అనుకుంటారు. కాదు. నికాన్ తొలి మైక్రో-నిక్కోర్ 1956లో వచ్చింది. కిక్కిరిసిన జపాన్ లిపి పేజీలను మైక్రోఫిల్ము మీదికి ఎక్కించే అవసరం దాని వెనుక ఉంది. ఆ పేరే నేటి వరకూ కొనసాగుతోంది.

నా జూమ్ లెన్సు మీద కూడా ‘మాక్రో’ అని రాసి ఉంది. అది చాలదా?

ఎక్కువ జూమ్‌లలో ఆ మాటకు అర్థం ‘మామూలు కంటే కొంచెం దగ్గరగా ఫోకస్ అవుతుంది’ అని మాత్రమే. వివరాల్లో గరిష్ఠ మాగ్నిఫికేషన్ అంకె చూడండి. 0.25 లేదా 0.33 అని ఉంటే అది 1:4 లేదా 1:3. మందార పువ్వుకు, సీతాకోకచిలుక రెక్కలకు అది చాలు. ఈగ కన్నుకు చాలదు. పెట్టె మీది పేరు కంటే ఈ ఒక్క అంకెను నమ్మండి.

ఎఫ్/2.8 మాక్రో లెన్సుతో నేపథ్యం బాగా మసకబారుతుందా? 50 మి.మీ. ఎఫ్/1.8 మేలని విన్నాను.

చాలామంది పొరపడేది ఇక్కడే కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

ఫోకల్ లెంగ్త్‌ను ఎఫ్ సంఖ్యతో భాగిస్తే లెన్సులో కాంతి ప్రవేశించే రంధ్రం వ్యాసం వస్తుంది. 100ను 2.8తో భాగిస్తే సుమారు 36 మి.మీ. 50ని 1.8తో భాగిస్తే సుమారు 28 మి.మీ. 85ను 1.8తో భాగిస్తే 47 మి.మీ. బాగా దూరాన ఉన్న దీపం ఒకటి మసక వృత్తంగా మారినప్పుడు, ముఖం పక్కన పెట్టి కొలిస్తే ఆ వృత్తం సరిగ్గా ఇంతే వెడల్పు ఉంటుంది. అంటే 100 మి.మీ. ఎఫ్/2.8తో తీసిన ముఖం వెనుక దూరపు దీపాలు 36 మి.మీ. బిళ్లల్లా కనిపిస్తాయి. 50 మి.మీ. ఎఫ్/1.8తో 28 మి.మీ. బిళ్లలే. దూరపు నేపథ్యాన్ని కరిగించడంలో మాక్రో లెన్సుదే పైచేయి.

అయితే నేపథ్యం దగ్గరగా ఉంటే లెక్క తిరగబడుతుంది. మనిషి వెనుక అరమీటరులో గోడ ఉంటే ఎఫ్/1.8 లెన్సే ఎక్కువ మసక ఇస్తుంది. పైన చెప్పిన తల, భుజాల ఫ్రేములో ఈ రెండు లెన్సులూ సమానమయ్యే చోటు మనిషి వెనుక సుమారు రెండుంపావు మీటర్లు. అంతకంటే వెనుక ఉన్న చెట్లు, కిటికీలు 100 మి.మీ.లోనే మెత్తగా కరుగుతాయి. కాబట్టి మాక్రో లెన్సుతో ముఖం తీసేటప్పుడు మనిషిని గోడ నుంచి నాలుగడుగులు ముందుకు రమ్మనండి. మసక కోసం కొత్త లెన్సు కొనే ముందు చేసి చూడవలసిన పని ఇది.

85 మి.మీ. ఎఫ్/1.8 మాత్రం రెండు సందర్భాల్లోనూ 100 మి.మీ. ఎఫ్/2.8 కంటే ఎక్కువ మసక ఇస్తుంది. అది ఒప్పుకోవలసిన మాటే. కానీ అదే ఫ్రేములో ఎఫ్/1.8 దగ్గర స్పష్టంగా ఉండే లోతు దాదాపు 3 సెం.మీ. మాత్రమే. మనిషి తల కొంచెం పక్కకు తిరిగితే ఒక కన్ను స్పష్టం, రెండో కన్ను మసక. ఎఫ్/2.8లో 5 సెం.మీ. దొరుకుతుంది. మంచి పోర్ట్రెయిట్‌లో రెండు కళ్లూ స్పష్టంగా ఉండాలనుకునేవాణ్ణి నేను, కాబట్టి 85 చేతిలో ఉన్నప్పుడు కూడా ఎఫ్/2.8 చుట్టుపక్కలే వాడతాను.

మాక్రో లెన్సు చర్మంలోని ప్రతి గీతనూ చూపిస్తుందట. ముఖాలకు అది మంచిదేనా?

చూపిస్తుంది, నిజమే. ఆ గీతలు లోతుగా, కరుకుగా కనిపించడానికి కారణం మాత్రం చాలావరకు వెలుతురు. పక్క నుంచి గట్టిగా పడే చిన్న దీపం ప్రతి ముడత పక్కనా ఒక నీడ గీస్తుంది. అదే ముఖాన్ని పెద్ద కిటికీ వైపు తిప్పి, కిటికీకి పల్చటి తెల్లటి బట్ట కడితే అదే లెన్సు మృదువైన చర్మాన్ని ఇస్తుంది. లెన్సులో ఉన్న స్పష్టతను తరువాత కంప్యూటర్ మీద కావలసినంత తగ్గించుకోవచ్చు, లేని స్పష్టతను తెచ్చిపెట్టుకోలేం.

నా అనుభవం ఒకటి చెబుతాను. అమ్మమ్మను కిటికీ పక్కన కూర్చోబెట్టి ముందు ముఖం తీశాను. ఆమె మాట్లాడుతూ ఒడిలో చేతులు పెట్టుకుంది. కుర్చీలోంచి లేవకుండా కొంచెం ముందుకు వంగి ఆ చేతులు తీశాను. వేలికి దశాబ్దాలుగా ఉన్న ఉంగరం లోపలి వైపు అరిగి తీగలా పల్చబడింది, దాని అంచు ఆనిన చోట చర్మం మీద ఒక గాడి ఏర్పడింది. ఇంకొంచెం వంగాను. ఉంగరం మీద ఒకప్పుడు చెక్కిన పువ్వు రేకుల్లో రెండే మిగిలి ఉన్నాయి. ముఖం, చేతులు, రెండు రేకులు, అన్నీ మూడు నిమిషాల్లో, ఆమె మాట ఆపకుండానే. 85 మి.మీ. మామూలు లెన్సు అయితే ముఖం దగ్గరే ఆగిపోయేది, ఎందుకంటే వాటిలో ఎక్కువ భాగం 80 సెం.మీ. కంటే దగ్గరకు ఫోకస్ కావు. ముఖానికీ పురుగుకూ మధ్యనున్న ఈ ప్రదేశం కోసమే నేను ఈ లెన్సును ఇంతగా ఇష్టపడతాను.

మాక్రో లెన్సుల ఆటోఫోకస్ నెమ్మది అంటారు. పిల్లల ముఖాలు తీయగలమా?

పాత మాక్రో లెన్సుల విషయంలో అది నిజం. ఫోకస్ ఒక కొసనుంచి ఇంకో కొసకు చాలా దూరం ప్రయాణించాలి, దారిలో తప్పిపోతే మొత్తం చుట్టి రావాలి. కొత్త మిర్రర్‌లెస్ కెమెరాల కోసం తయారైన లెన్సుల్లో లీనియర్ మోటార్లు, కన్ను గుర్తించే సదుపాయం కలిసి ఈ లోటును చాలావరకు తీర్చాయి. లెన్సు మీద ఫోకస్ పరిధిని కుదించే మీట ఉందో లేదో మాత్రం తప్పక చూడండి. ముఖాలు తీసేటప్పుడు దాన్ని ‘అరమీటరు నుంచి అనంతం’ వైపు పెడితే పిల్లల వెంట ఫోకస్ చురుగ్గా పరిగెడుతుంది.

దగ్గరకు వెళ్లేకొద్దీ చిత్రం చీకటి పడుతోంది. లెన్సులో లోపమా?

లోపం కాదు. బింబం పెద్దదయ్యేకొద్దీ అదే కాంతి ఎక్కువ వైశాల్యం మీద పరుచుకుంటుంది. 1:1 దగ్గర దాదాపు రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు కాంతి సగమవుతుంది), అంటే నాలుగింట మూడు వంతుల కాంతి పోతుంది. మీరు ఎఫ్/2.8 పెట్టినా లెన్సు ఎఫ్/5.6లా పనిచేస్తుంది. నికాన్ కెమెరాలు ఈ మారిన అంకెనే తెర మీద చూపిస్తాయి, అందుకే దగ్గరకు వెళ్తే అంకె తనంతట తానే పెరిగిందని కొత్తవారు కంగారు పడతారు. కానన్ కెమెరాలు మీరు పెట్టిన అంకెనే చూపిస్తూ ఎక్స్‌పోజర్‌ను లోపల సరిచేసుకుంటాయి.

పురుగు కన్ను ఒక్కటే స్పష్టంగా వస్తోంది, మిగతాదంతా మసక. ఎఫ్/22 పెడితే సరిపోతుందా?

సరిపోదు. 1:1 దగ్గర స్పష్టంగా ఉండే లోతు ఎఫ్/2.8లో మిల్లీమీటరులో మూడో వంతు. ఎఫ్/8లో ఒక మిల్లీమీటరు. ఎఫ్/16లో రెండు. లోతు కోసం ఎఫ్/22 వరకు వెళితే, పైన చెప్పిన కారణంగా అది నిజానికి ఎఫ్/44. అంత సన్నటి రంధ్రంలో కాంతి వంగి చెదిరిపోతుంది, దీన్నే వివర్తనం అంటారు. లోతు పెరిగినట్టే పెరిగి, ఫ్రేమంతా ఒకే రకంగా మొద్దుబారుతుంది. 1:1 దగ్గర నేను ఎఫ్/8, ఎఫ్/11 మధ్య ఉంటాను. ఎఫ్/16 అరుదుగా.

లోతు తక్కువైనప్పుడు దాన్ని ఎక్కడ పరచాలో నిర్ణయించుకోవడమే అసలు పని. సీతాకోకచిలుక రెక్కలు మూసుకుని ఉంటే సెన్సర్‌ను రెక్కకు సమాంతరంగా తిప్పండి, ఆ ఒక్క మిల్లీమీటరులోనే రెక్క మొత్తం ఇమిడిపోతుంది. దూకే సాలీడు అయితే ముందున్న రెండు పెద్ద కళ్లూ ఒకే తలంలో ఉండేలా ఎదురుగా వెళ్లండి.

అలాంటి సాలీడును నేను తీసే తీరు ఇది. ఆటోఫోకస్ ఆపేసి, లెన్సును కావలసిన పరిమాణం దగ్గర స్థిరంగా ఉంచుతాను. ఎడమ చేతి బొటనవేలు, చూపుడు వేలు ఆకు తొడిమను పట్టుకుంటాయి, అదే అరచేతి మీద లెన్సు ఆనుతుంది. ఇక ఆకు ఊగితే లెన్సూ దానితో ఊగుతుంది, రెంటి మధ్య దూరం మారదు. శ్వాస వదులుతూ శరీరాన్ని ముందుకు ఒక వెంట్రుక వాసి వాల్చుతాను. తెరలో ముందు నోటి దగ్గరి తెల్లని నూగు స్పష్టమవుతుంది, తరువాత కళ్ల నల్లటి అద్దాలు, వాటిలో ఆకాశం ఒక చిన్న నీలి చుక్కగా. ఆ క్షణంలో వరుసగా ఐదారు ఫొటోలు. ఇరవైలో ఒకటి సరిగ్గా వస్తే ఆ ఉదయం బాగా గడిచినట్టే.

కదలని వస్తువులకు ఇంకో దారి ఉంది. ఫోకస్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ పదో ఇరవయ్యో ఫొటోలు తీసి సాఫ్ట్‌వేర్‌లో కలపవచ్చు. ఇప్పటి చాలా కెమెరాలు ఈ ఫొటోల వరుసను తామే తీసిపెడతాయి. ఎఫ్/5.6 దగ్గరి స్పష్టత, కావలసినంత లోతు రెండూ దక్కుతాయి.

లెన్సులో స్టెబిలైజేషన్ తప్పనిసరా?

చేతి వణుకును సరిచేసే ఈ ఏర్పాటు ముఖాలకు చాలా ఉపయోగం. మాక్రోలో దాని బలం తగ్గిపోతుంది, ఎందుకంటే దగ్గర పనిలో కెమెరా వంగడం కంటే పక్కలకు జరగడం ఎక్కువ నష్టం చేస్తుంది. కానన్ 2009లో తెచ్చిన 100 మి.మీ. ఎల్ మాక్రో ఈ రెండు కదలికలనూ కలిపి సరిచేసే పద్ధతితో వచ్చింది. అందులో కూడా మామూలు దూరంలో నాలుగు స్టాపుల సాయం 1:1 దగ్గర రెండుకు పడిపోతుందని తయారీదారులే చెప్పారు. మీ కెమెరా లోపలే స్టెబిలైజేషన్ ఉంటే లెన్సులో లేకపోయినా పరవాలేదు.

ఇంకో మాట. ఇది మీ చేతి వణుకును ఆపుతుంది కానీ గాలిని ఆపదు. 1:1 దగ్గర పువ్వు ఒక్క మిల్లీమీటరు ఊగితే 24 మెగాపిక్సెళ్ల సెన్సర్ మీద బింబం 160కి పైగా పిక్సెళ్లు జరుగుతుంది. గాలి ఉన్నప్పుడు షట్టర్ వేగం పెంచాలి, లేదా ఫ్లాష్ వాడాలి.

మాక్రోకు ఫ్లాష్ కావాలా?

ఎఫ్/8 లేదా ఎఫ్/11, పైగా రెండు స్టాపుల నష్టం, కదిలే పురుగు. ఈ మూడూ కలిస్తే ఎండలో కూడా వెలుతురు చాలదు. మామూలు ఫ్లాష్‌కు లెన్సు కొస వరకు వచ్చే, వెలుతురును మెత్తగా పరిచే తెల్లటి డిఫ్యూజర్ ఒకటి అమర్చుకోండి. ఇంట్లో దొరికే పల్చటి తెల్లటి నురుగు షీటుతో చేసుకున్నా పనిచేస్తుంది. డిఫ్యూజర్ వస్తువుకు ఎంత దగ్గరగా, ఎంత పెద్దగా ఉంటే మెరుపులు అంత మృదువుగా వస్తాయి. పురుగుల పెంకుల మీద ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

మాక్రో లెన్సు కొనకుండా ఉన్న లెన్సుతోనే దగ్గరగా తీయలేమా?

తీయవచ్చు. మొదట దీన్నే ప్రయత్నించమని చెబుతాను, ఎందుకంటే మాక్రో మీద మీకు నిజంగా ఆసక్తి ఉందో లేదో తక్కువ ఖర్చుతో తేలిపోతుంది.

ఎక్స్‌టెన్షన్ ట్యూబులు కెమెరాకూ లెన్సుకూ మధ్య పెట్టే ఖాళీ గొట్టాలు. వాటిలో గాజు ఉండదు. గొట్టం పొడవును ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే అదనంగా ఎంత మాగ్నిఫికేషన్ వస్తుందో తెలుస్తుంది. 50 మి.మీ. లెన్సుకు 25 మి.మీ. గొట్టం పెడితే 0.5 అదనం. లెన్సుకు సొంతంగా ఉన్న 0.15తో కలిపి సుమారు 0.65. అదే గొట్టం 85కు పెడితే 0.3 మాత్రమే అదనం. గొట్టం ఉన్నంతసేపూ దూరపు వస్తువులు ఫోకస్ కావు, అంటే ముఖానికీ పురుగుకూ మధ్య ప్రతిసారీ తీసి పెట్టాలి. విద్యుత్ కాంటాక్టులు ఉన్న గొట్టాలే కొనండి, లేకపోతే ఎపర్చర్, ఆటోఫోకస్ పనిచేయవు.

క్లోజప్ లెన్సులు ముందు బిగించేవి. ఇవి పొడవైన లెన్సులకు బాగా నప్పుతాయి. రేనాక్స్ డీసీఆర్-250 క్లిప్పుతో క్షణంలో తగిలించి తీసేయవచ్చు, 1:1 లెన్సు ముందు పెడితే ఇంకా లోపలికి తీసుకెళ్తుంది. ఒంటి గాజుతో చేసిన చౌక రకాలు అంచుల్లో రంగులు చిందిస్తాయి, వాటి జోలికి వెళ్లకండి.

లెన్సును తిరగేసి బిగించే రింగులు కూడా ఉన్నాయి. నేర్చుకోవడానికి సరదాగా ఉంటాయి కానీ వెనుక గాజు దుమ్ముకు బాహాటంగా తెరిచి ఉంటుంది.

నేను 1:1 వరకు ఎప్పుడూ వెళ్లను. పూలు, చేతులు, ఆభరణాలు చాలు.

అయితే 1:2 లెన్సులను ధైర్యంగా చూడండి. కానన్ ఆర్‌ఎఫ్ 85 మి.మీ. ఎఫ్/2 మాక్రో ఇందుకు మంచి ఉదాహరణ. ఎఫ్/2 వల్ల పోర్ట్రెయిట్ లెన్సుకు దగ్గరగా ఉంటుంది, సగం పరిమాణం వరకు ఫోకస్ అవుతుంది, స్టెబిలైజేషన్ కూడా ఉంది. పురుగులు పట్టనివారికి 100 మి.మీ. కంటే ఇదే మేలని నా అభిప్రాయం.

అయితే ఏ లెన్సులు చూడాలి?

మీ కెమెరా మౌంటును, అంటే లెన్సు బిగించే చోటు ఏ రకమో దాన్ని బట్టి. కానన్ ఆర్‌ఎఫ్‌కు 100 మి.మీ. ఎఫ్/2.8 ఎల్ మాక్రో ఉంది, ఇది 1:1 కూడా దాటి 1.4 రెట్లు వరకు వెళ్తుంది. నికాన్ జెడ్‌కు ఎంసీ 105 మి.మీ. ఎఫ్/2.8, ఈ రెండూ 2021లో వచ్చినవే. సోనీకి 2015 నుంచి ఉన్న ఎఫ్‌ఈ 90 మి.మీ. ఎఫ్/2.8 జీ, దాని ఫోకస్ రింగును వెనక్కి లాగితే వెంటనే మాన్యువల్ ఫోకస్‌లోకి మారుతుంది. ఈ సదుపాయం పొలం గట్టున ఎంత హాయో వాడినవారికే తెలుస్తుంది. సిగ్మా 105 మి.మీ. ఎఫ్/2.8 ఆర్ట్ సోనీకీ, ఎల్ మౌంటుకూ దొరుకుతుంది. లెన్సులో స్టెబిలైజేషన్ లేదు. టామ్రాన్ 2024లో సోనీ, నికాన్ మౌంట్ల కోసం కొత్త 90 మి.మీ. తెచ్చింది. అందులోనూ స్టెబిలైజేషన్ లేదు కానీ 12 ఎపర్చర్ రేకులు ఉన్నాయి, కాబట్టి ఎపర్చర్ కొంత మూసినా దీపాలు గుండ్రంగానే కనిపిస్తాయి.

స్పష్టతలో వీటి మధ్య తేడాల గురించి నిద్ర పాడుచేసుకోకండి, అన్నీ చాలా పదునైనవే. బరువు, ఫోకస్ మీట, స్టెబిలైజేషన్, చేతిలో పట్టు, ఇవే రోజూ పనిలో తెలిసే తేడాలు.

వాడిన లెన్సు కొనవచ్చా? ఏమి పరీక్షించాలి?

నిస్సందేహంగా కొనవచ్చు. డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్‌ల కాలం నాటి 90, 100, 105 మి.మీ. మాక్రో లెన్సులు అడాప్టర్‌తో ఇప్పటికీ అద్భుతంగా పనిచేస్తాయి. కొనే ముందు ఈ పనులు చేయండి.

లెన్సు వెనుక నుంచి చిన్న టార్చి వేసి ముందు నుంచి ఏటవాలుగా చూడండి. సాలెగూడు పోగుల్లాంటి సన్నటి దారాలు కనిపిస్తే అది బూజు, పొగమంచులాంటి తెర కనిపిస్తే లోపలి గాజు మసకబారినట్టు. రెండింటినీ వదిలేయండి. నాలుగు దుమ్ము రేణువులు ఉంటే పట్టించుకోనక్కర్లేదు. ఎపర్చర్ రేకుల మీద నూనె మరకలు ఉన్నాయేమో చూడండి. తరువాత కెమెరాకు తగిలించి, దూరంగా ఉన్న ఒక ముఖం మీద, వెంటనే అరచేతిలోని గీతల మీద, మళ్లీ ముఖం మీద ఆటోఫోకస్ చేయించండి. మధ్యలో ఎక్కడైనా ఇరుక్కుని గరగరలాడితే మోటారు అరిగిపోయినట్టు.

చివరగా ఫ్రేమంతా నింపే చదునైన బట్ట ముక్క ఒకటి తీసుకుని, లెన్సును దాని కనీస దూరం వద్ద పెట్టి, సెన్సర్‌కు సమాంతరంగా ఉంచి ఎఫ్/2.8లో తీయండి. తెర మీద పెద్దది చేసి నాలుగు మూలలూ చూడండి. ఒక మూల మాత్రమే మసకగా ఉంటే కెమెరాను తిరిగి సరిగ్గా నిలబెట్టి ఇంకోసారి తీయండి. మళ్లీ అదే మూల మసకగా వస్తే లోపలి గాజు పక్కకు జరిగింది, ఎంత తక్కువ ధరకు ఇచ్చినా తీసుకోకండి.